రెండో సీసా

జూన్ 28

భయాల పుట్ట మా అత్తకి,

మేనల్లుడు కోపంతోనూ ప్రేమతోనూ రాసేది. రెండూ సమపాళ్లలోనే ఉన్నాయి, కంగారు పడకు.

నీ ఉత్తరం అందింది. అందులో "భయంగా ఉందిరా" అని ఎన్నిసార్లు రాశావో లెక్కపెట్టబోయి విసుగొచ్చి మానేశాను. ఉరుమంటే భయం, బల్లంటే భయం, తెలియని నంబరు నుంచి ఫోనొస్తే భయం. అలాంటి మనిషివి వాన్ నిండా బడిపిల్లల్ని ఎక్కించుకుని ఆ ఇరుకు సందులన్నీ ఎలా తిప్పుతున్నావో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

అసలు భయపడాల్సింది దేనికో చెప్తాను విను. పెట్రోలు ఇలాగే మండిపోతే నీ వాన్ మూలన పడుతుంది. బడివాళ్లు పెద్ద బస్సు పెట్టుకుంటారు. మావయ్య పోయాక నువ్వు ఒంటిచేత్తో నిలబెట్టుకున్న బతుకు మళ్లీ మొదటికొస్తుంది. దానికి భయపడు. నీళ్లకి భయపడటమేమిటి?

అందుకే నీ మాట వినకుండా యంత్రాన్ని పార్సిల్ లారీలో పంపేస్తున్నాను. సంగతి చాలా తేలిక. ఒక సీసాలో నీళ్లు, నీళ్లలో స్టీలు పలకలు. వాటికి బ్యాటరీ నుంచి కరెంటు అందితే నీళ్లు విడిపోయి బుడగలు లేస్తాయి. ఆ బుడగల్లో ఉన్నది హైడ్రోజన్, దానికి తోడు ఆక్సిజన్. అది గొట్టంలోంచి రెండో సీసాలోకి వెళ్లి, అక్కణ్నుంచి ఇంజన్లోకి పోతుంది. పెట్రోలుతో పాటు అదీ మండుతుంది కాబట్టి పెట్రోలు తక్కువ పడుతుంది. ఇంతే! ఇంత చిన్న సంగతిని చమురు కంపెనీలు ఎన్నాళ్లుగా తొక్కిపెట్టాయో నేను చదివిన కరపత్రాల్లో పేజీలకి పేజీలు ఉంది. చదువుతుంటే పళ్లు పటపటలాడించబుద్ధేస్తుంది.

నేనూ ఒక కరపత్రం రాశాను, ఎనిమిది పేజీలు. పేరు "నీళ్లకి స్వాతంత్ర్యం". సీసాలతో పాటే పెట్టాను. మనల్ని ఎవరు ఎలా దోచుకుంటున్నారో, యంత్రం ఎలా బిగించాలో, ఏమేం చూసుకోవాలో అన్నీ అందులోనే ఉన్నాయి. మొత్తం చదువు. మీ మెకానిక్కి కూడా చదివి వినిపించు.

నా స్నేహితుడు కొలత మాత్రం "ఇంకొన్నాళ్లు బల్లమీదే నడిపి చూద్దాంరా, తర్వాత పంపుదువుగాని" అని నసుగుతున్నాడు. లారీలు తూచే కాటా దగ్గర పని వాడిది. తూచందే దేన్నీ నమ్మడు, అందుకే ఆ పేరు. వాడూ నీలాగే పిరికివాడు. నా గది పైకప్పులో చిన్న గుంట పడిందని ఇల్లుగలాయన అరుస్తున్నాడు, అది వేరే కథ.

భయం అనేది కంపెనీలు పెంచి పోషించే మొక్క, అత్తా. దానికి నీళ్లు పొయ్యకు. ఆ నీళ్లు సీసాలో పొయ్యి.

నీ వెనకే నిలబడ్డ,
మేనల్లుడు


జూలై 11

ఒరే కోపిష్టి అల్లుడూ,

ముందు వేళకి తింటున్నావో లేదో అది రాయి. ఎనిమిది పేజీల్లో చమురు కంపెనీల ఆరోగ్యం గురించి రాశావు గాని నీ ఒంటి సంగతి ఒక్క ముక్కయినా లేదు. మా అన్నయ్య నీమీద మండిపడుతున్నాడు. ఫోను కంపెనీల మీద కోపమొచ్చి ఫోను పారేసినవాడు లోకంలో నా కొడుకొక్కడేనట. నిజమే కదరా! నీకు కోపమొస్తే మేమంతా పోస్టాఫీసు చుట్టూ తిరగాలా? నా నంబరు ఈ ఉత్తరం వెనకాల రాశాను. బుద్ధి పుట్టినప్పుడు ఎక్కడినుంచైనా చెయ్యి.

సీసాలు పగలకుండా వచ్చాయి. మా మెకానిక్ బిగించాడు, అందరూ బోల్టు అని పిలుస్తారే, వాడు. కూర్చుని చదివించుకునేంత ఓపిక వాడికెక్కడిది? గొట్టాలకి నువ్వు రంగులేసి పంపావు కదా, "ఎర్రది ఇటు, పచ్చది అటు, అయిపోయిందమ్మా" అన్నాడు. నీ కాగితాలు మాత్రం చాలా పనికొచ్చాయి. మొదటి రెండు పేజీలు చదివేసరికే నాకు రక్తం ఉడికిపోయింది. అవతల పొయ్యి మీద గిన్నె కూడా పొంగిపోయింది.

మొదటి రోజు తాళం తిప్పేటప్పుడు గుండె దడదడలాడింది. భయంతో కాదులే, సంతోషంతో. నేనిప్పుడు భయపడటం మానేశాను, నువ్వే చూస్తావుగా. బానెట్ కింద గుడగుడమని ఒకటే చప్పుడు. నా పక్క సీట్లో కూర్చునే చిట్టెలుక, అదేరా, ముందు పళ్లు రెండూ ఊడిన ఆ గడుగ్గాయి, "ఆంటీ, మన వాన్ పుక్కిలిస్తోంది" అంటే బండిలో ఒకటే నవ్వులు.

అసలు సంగతి చివర చెప్తున్నాను. పెట్రోలు మిగులుతోందిరా! శుక్రవారానికే అడుగంటే ట్యాంకు సోమవారం దాకా లాక్కొచ్చింది. పెట్రోలు బంకు అబ్బాయి "ఏమ్మా, బడికి సెలవులా" అని అడిగాడు. నేను చెప్పలేదు. కంపెనీ మనిషి కదా!

ధైర్యవంతురాలు,
మీ అత్త


జూలై 16

విజయం సాధించిన మా అత్తకి,

ఇలాంటి కరపత్రాలు చదివేవాళ్లమంతా చేరే మా చదువరుల గదిలో నీ ఉత్తరాన్ని అందరి ముందూ చదివాను. సోమవారం దాకా లాక్కొచ్చిందన్న చోట చప్పట్లు మోగాయి. పుస్తకాల్లో చదివిన మాట ఒక మనిషి బతుకులో నిజం కావడం నేను చూడటం ఇదే మొదటిసారి.

ఆ చప్పట్ల మధ్య కొలత లేచి నిలబడ్డాడు. "ఎంత దూరం తిరిగింది, ఎంత పోసింది, ఏ వేగంలో నడిపింది, అవి రాయించు. అప్పుడు కొడతాను చప్పట్లు" అన్నాడు. మా అత్త మాట మీద నమ్మకం లేదా అని నిలదీశాను. "మీ అత్త మీద ఉంది, నీ మీదే లేదు" అన్నాడు. నోటికొచ్చినట్టు తిట్టాను. నేను ఏం తిట్టానో వాడికి సగమే అంది ఉంటుంది, ఈమధ్య వాడికి ఎడమ చెవి సరిగ్గా వినపడటం లేదు. లేచి వెళ్లిపోయాడు. పోతే పోనీ.

కరపత్రం కాపీలు తీయించి బస్టాండు దగ్గర పంచాను. చాలామంది మడిచి జేబులో పెట్టుకున్నారు. మెరూన్ రంగు కారాయన ఒకడు మాత్రం ఆగి అడిగి మరీ తెలుసుకున్నాడు. వెనక సీట్లో పసిపిల్లని పెట్టుకుని భార్య నిద్రపోతోంది. చాలా దూరం పోవాలట, దారి ఖర్చు తడిసిమోపెడవుతోందట. నా దగ్గర మిగిలిన సీసాల జత ఆయనకి ఊరికే ఇచ్చేశాను. ఇల్లు చేరాక బిగించుకుంటానన్నాడు. పేరు అడగలేదు. ఇలాంటి పనికి పేర్లెందుకు?

రెండో సీసా సంగతి ఎనిమిదో పేజీలో చదివే ఉంటావు కాబట్టి మళ్లీ రాయడం లేదు.

నువ్వు భయపడటం మానేశావని చదివి పొంగిపోయాను. మానేసినట్టే ఉండు. "అదేదో చప్పుడొచ్చింది, ఇదేదో వాసనొచ్చింది" అని మళ్లీ మొదలుపెట్టావంటే ఈసారి ఆ ఉత్తరాన్ని కూడా అందరి ముందూ చదువుతాను!

గర్వంతో,
నీ మేనల్లుడు


జూలై 22

అల్లుడూ,

నా ఉత్తరం సభలో చదివావా? ముందే చెబితే అక్షరాలు గుండ్రంగా రాసేదాన్ని కదరా. ఆ కాటా అబ్బాయిని తిట్టడమెందుకు? ఉన్న ఒక్క స్నేహితుడు. చెవి సంగతి డాక్టరుకి చూపించుకోమను.

ఇక్కడంతా బాగానే ఉంది. పెట్రోలు ఇంకా మిగులుతూనే ఉంది. పొద్దున బండి తీసేటప్పుడు మాత్రం బానెట్ కింద ఒక్కోసారి "టప్" మంటోంది. నేనేం భయపడలేదు, ఊరికే రాస్తున్నాను. పిల్లలు దానికి కప్ప అని పేరు పెట్టారు. నిన్న కప్ప రెండుసార్లు అరిచింది. చిట్టెలుక దానికి పెట్టడానికి బిస్కట్ ముక్క తెచ్చింది.

మొదటి సీసాలో నీళ్లు తొందరగా తగ్గిపోతున్నాయి. అందులో పోసుకోవడానికి వీలుగా పక్కనే ఇంకో సీసాలో నీళ్లు పెట్టి పంపావు చూడు, నీ ముందుచూపుకి ముచ్చటేసిందిరా. పొయ్యి పక్కన చెంబు పెట్టుకున్నట్టు ఎంత హాయో! తగ్గినప్పుడల్లా అందులోంచి తీసి ఇందులో పోస్తున్నాను. నాలుగు రోజుల్నుంచి రెండోది ఖాళీగానే ఉంది, తీరిగ్గా నింపాలి. అది ఖాళీ అయ్యాక గుడగుడ పోయి ఈ టప్ మొదలైంది.

ఎనిమిదో పేజీ అన్నావు. తీసి చూద్దామంటే, సీసాలు అదురుతున్నాయని బోల్టు నీ కాగితాల్ని మడిచి వాటి మధ్య కుక్కేశాడు. లాగితే మళ్లీ గలగల మొదలవుతుంది. పోనీలే, సీసాలో నీళ్లుండాలనే కదా రాసి ఉంటావు, ఆ మాత్రం నాకు తెలియదా!

ఇది సభలో చదవకు.

మీ అత్త


జూలై 25

అత్తా,

వాన్ తియ్యకు.

మిగతాది తర్వాత చదువు. ముందు వాన్ తాళాలు తీసి ఈ ఉత్తరం తెచ్చినవాడి చేతిలో పెట్టు. వాడే కొలత. బానెట్ నువ్వు తెరవకు, వాణ్ని తెరవనీ. పిల్లల్ని వీధి చివరే ఆపి నడిపించి పంపించు.

తాళాలు ఇచ్చావా? ఇచ్చాకే ఇక్కణ్నుంచి చదువు.

రెండో సీసా చెంబు కాదు. అది తలుపు. ఇంజన్లో మంట ఒక్కోసారి వెనక్కి తన్నుతుంది, గొట్టం వెంట పరుగెత్తుకొస్తుంది. రెండో సీసాలో నీళ్లుంటే అక్కడే చచ్చిపోతుంది. లేకపోతే నేరుగా మొదటి సీసాలోకి పోతుంది. అక్కడ నీళ్ల పైన పేరుకున్నదంతా అంటుకోవడానికి సిద్ధంగా ఉన్న గాలి. పొద్దున్నే అరిచేది కప్ప కాదత్తా. మంట తలుపు దాకా వచ్చి పోతోంది.

ఇది నాకు ముందే తెలుసు. పుస్తకాల్లో చదివి కాదు, చూసి. మే నెలలో ఇక్కడ బల్లమీద పెట్టి నడుపుతున్నప్పుడు రెండో సీసాలో నీళ్లు అయిపోయినట్టు చూసుకోలేదు. మొదటి సీసా పేలిపోయింది. మూత ఎగిరి పైకప్పుకి కొట్టుకుంది. ఆ గుంట అదే. కొలత చెవి కూడా అదే. నీకు రాస్తే భయపడతావని రాయలేదు. ఎనిమిదో పేజీలో అడుగున ఒక్క వాక్యం రాసి ఊరుకున్నాను: "రెండో సీసాలో ఎల్లప్పుడూ నీరు ఉండవలెను." ఎందుకు ఉండాలో రాయలేదు. రాస్తే నమ్మకం సడలుతుందనుకున్నాను. దాని ముందు ఏడు పేజీల నిండా చమురు కంపెనీల మీద శాపనార్థాలు రాశాను. ఆ ఒక్క వాక్యం ఇప్పుడు మడతల్లో, ఆ సీసాల మధ్యే ఉంది.

సాయంత్రం పోస్టుమాన్ నీ ఉత్తరం తెచ్చాడు. చదవగానే పక్కింటావిడ ఫోను అడుక్కుని నీకు చేశాను. మోగింది, మోగింది, ఎత్తలేదు. మళ్లీ మళ్లీ చేస్తే ఆపేశావు. తెలియని నంబరు కదా, భయపడి ఉంటావు. నాన్న నంబరు నాకు నోటికి రాదు. ఫోనుతో పాటే అదీ పారేశాను. బడికి చేస్తే ఎత్తేవాళ్లు లేరు, మూసేసినట్టున్నారు.

అప్పుడు కాటా దగ్గరికి పరుగెత్తాను. నేను నోరు తెరవకముందే కొలత నా మొహం చూసి "మీ అత్తేనా" అన్నాడు. తిట్టలేదు. మోటార్‌సైకిలుకి పెట్రోలు కొట్టించుకొచ్చి "రాయి, తొందరగా రాయి" అని నా ఎదురుగా నిలబడ్డాడు. ఇద్దరం ఎక్కితే బండి నెమ్మదిస్తుంది, దారంతా వాన. అందుకే వాడొక్కడే వస్తున్నాడు. నేను ఇక్కడే పక్కింటి గుమ్మంలో కూర్చుని నీకు ఫోను చేస్తూ ఉంటాను.

అత్తా, నీ భయాన్ని ఎగతాళి చేశాను.

వాన్ తియ్యకు. వాన్ తియ్యకు.


జూలై 27

అల్లుడూ,

పిల్లలు క్షేమం. అందరూ. చిట్టెలుకతో సహా. ఇది ముందు చదువుకుని కాసిని మంచినీళ్లు తాగు. కొలత నీ పక్కింటావిడకి ఫోను చేసి ఇదే చెప్పాడట గాని నువ్వు ఏడుస్తూ ఒక్క ముక్కా సరిగ్గా వినలేదట.

సీసా పేలింది. కొలత వీధి మలుపు తిరగడానికి కాస్త ముందు.

నీకు రాయని సంగతి ఒకటుంది. బోల్టు ఆ సీసాలు బిగించిన నాటి నుంచీ నాకు లోపల వణుకే. మానేశానని నీకు రాసినవన్నీ అబద్ధాలు. పొద్దున పిల్లలు మా ఇంటి ముందుకి చేరతారు కదా, వాళ్లని ఎదురింటి ప్రహరీ దగ్గర వరసగా నిలబెట్టేదాన్ని. "నేను పిలిచేదాకా గోడకి వీపు ఆనించిన వాళ్లే గెలిచినట్టు" అని ఆట పెట్టాను. నేనొక్కదాన్నే వాన్లోకెక్కి, కళ్లు మూసుకుని, తాళం తిప్పేదాన్ని. ఇంజన్ బాగా వేడెక్కాకే, ఆ టప్ మొదలయ్యాక అదీ ఆగాకే పిలిచేదాన్ని. రోజూ అంతే. వీధిలో వాళ్లు నవ్వేవాళ్లు. నీకు రాస్తే నువ్వూ నవ్వుతావు, సభలో చదువుతావు. అందుకే రాయలేదు.

నిన్న తాళం తిప్పాను. ఆ చప్పుడు ఎలా ఉందని అడగకు, నాకు గుర్తులేదు. బానెట్ లేచి అద్దానికి కొట్టుకుంది. అద్దం నా మీద పడింది. కనుబొమ్మ చీలి కుట్లు పడ్డాయి, రెండు చెవుల్లోనూ ఈల. కళ్లు తెరిచేసరికి పైనుంచి కాగితం ముక్కలు రాలుతున్నాయి, నల్లగా, తెల్లగా. నీ ఎనిమిది పేజీలూనూ. గోడ దగ్గర పిల్లలు ఒక్కరూ కదల్లేదురా. ఆట కదా! చిట్టెలుక మాత్రం అక్కణ్నుంచే "ఆంటీ, మేం గెలిచామా" అని అరిచిందట. నాకు వినపడలేదు. నోరు కదలడమే చూశాను.

అప్పుడొచ్చాడు మీ కొలత, నిలువునా తడిసి ముద్దయి. నీ ఉత్తరం నా చేతిలో పెట్టాడు. వాడికి ఒక చెవి లేదు, నాకు రెండూ లేవు. నడివీధిలో ఒకరి మొహంలోకి ఒకరం అరుచుకున్నాం. చూసినవాళ్లు కొట్టుకుంటున్నామనుకుని విడదీయడానికి వచ్చారు.

బడి పెద్ద టీచరు వచ్చి చూసి వెళ్లారు. వేరే వాన్ పెట్టుకున్నారు. "మీ బండి బాగయ్యాక చూద్దాం" అన్నారు, నా మొహం చూడకుండా. చిట్టెలుక వాళ్ల నాయనమ్మ సాయంత్రం వచ్చి, ఏమీ అనకుండా నా పక్కన కాసేపు కూర్చుని వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

ఇంకోటి. కొలత నన్ను కూర్చోబెట్టి ఒక్కొక్కటే అడిగాడు, కాగితం మీద రాసి. ఏ వేగంలో నడిపేదానివత్తా అని. ఏం వేగంరా? ఆ సీసాలు కదులుతాయేమోనని గుంటలు తప్పించుకుంటూ, బ్రేకు మీద కాలు పడకుండా, నడిచే మనిషి నన్ను దాటిపోయేంత నెమ్మదిగా నడిపాను. సందు చివర ఆగితే ఇంజన్ ఆపేసేదాన్ని. అది విని వాడు కాగితం మళ్లీ తన వైపు లాక్కున్నాడు. తర్వాత రాశాడు: "పెట్రోలు మిగిల్చింది నీళ్లు కాదత్తా, నీ భయం."

నిన్ను తిట్టే ఓపిక లేదు. నువ్వు నన్ను చూడటానికి రావద్దు. నన్ను చూసుకునేవాళ్లున్నారు. మెరూన్ రంగు కారాయన అన్నావు. వెనక సీట్లో పసిపిల్ల అన్నావు. వాళ్లకెవరున్నారు? ముందు వాళ్లని వెతుకు. పంచిన ప్రతి కాగితాన్నీ వెనక్కి తెచ్చుకో. అది అయ్యాకే నా గడప తొక్కు.

మీ అత్త


ఆగస్టు 9

అత్తకి,

రోజూ వెతుకుతున్నాను. కరపత్రాలు తీసుకున్నవాళ్లలో నాకు తెలిసినవాళ్లందరి ఇళ్లకీ వెళ్లాను. చాలామంది చదవనేలేదు. ఒకాయన మీ బోల్టులాగే మడిచి బల్ల కాలి కింద పెట్టుకున్నాడు. ఒక్కొక్కరి దగ్గరా కాగితం తీసుకుని వాళ్ల కళ్లెదుటే చించేస్తున్నాను. వాళ్లు నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూస్తున్నారు. అది హాయిగానే ఉంది.

మెరూన్ కారాయన దొరకలేదు. బస్టాండులో టీ కొట్టాయనకి ఆ కారు గుర్తుంది, ఎటు పోయిందో గుర్తులేదు. పోలీసుస్టేషన్లో చెప్తే "పేరేమిటి" అన్నారు. కారు నంబరన్నారు, ఊరన్నారు. నేను ఒక్కటీ అడిగినవాణ్ని కాదు.

కొత్త కాగితం ఒకటి వేయించాం. కొలతే రాశాడు, నన్ను కలం పట్టనివ్వలేదు. ఒకటే పేజీ. "నీళ్లతో కారు నడిపే సీసాలు మీకెవరైనా ఇచ్చారా? బిగించకండి. ఇప్పటికే బిగించి ఉంటే ఇంజన్ స్టార్ట్ చెయ్యకుండా మెకానిక్‌ చేత విప్పించండి. పేలుతుంది." అంతే. కింద నా నంబరుంది. ఫోను కొన్నాను. పెద్ద రోడ్డు మీద ఉన్న పెట్రోలు బంకులన్నిటికీ తిరిగి గోడల మీద అంటిస్తున్నాం. అంటించనిచ్చినవాళ్లంతా నేను ఏడు పేజీల నిండా తిట్టిన ఆ బంకులవాళ్లే.

ఫోను ఒక్కసారైనా మోగలేదు. ఆయన ఇల్లు చేరే ఉంటాడు. తీరిక చూసుకుని, బిగించడానికని సీసాలు బయటికి తీసి ఉంటాడు. ఎనిమిదో పేజీ దాకా చదివాడో లేదో. చదివినా, ఎందుకో నేను రాయలేదు కదా.

ఇక్కడ పొద్దున్నే పక్కవీధిలో ఎవరో కారు తీస్తారు. ఆ చప్పుడుకి చేతిలో ఏముంటే అది వదిలేసి వెళ్లి గోడకి వీపు ఆనించి నిలబడుతున్నాను. ఇంజన్ వేడెక్కి, కారు కదిలి, వీధి దాటిపోయేదాకా కదలను. మెరూన్ కారులో ఆ పసిపిల్లని ఇలా గోడ దగ్గర నిలబెట్టేవాళ్లు ఎవరూ లేరు అత్తా.

నీ గడప దాకా ఇంకా రాలేని,
మేనల్లుడు